చెమర్చిన ఆవకాయ జాడీలు: ఇరవై నాలుగు జాడీల కేసు

2022 ఆగస్టు. వరద తీసింది గానీ లంకల్లో బురద ఇంకా ఆరలేదు. ఒక మధ్యాహ్నం మా ఇంటి ముందు ఆటో ఆగితే పక్క ఊరి అత్తయ్యగారు దిగారు (చుట్టం కాదు, వరస కలిపి అలా పిలుస్తాను). గోనెసంచిలో చుట్టిన జాడీని పసిబిడ్డని దింపినట్టు దింపి, అరుగు మీద పేపరు పరిచి దాని మీద పెట్టారు. "అబ్బాయ్, ఓ అరగంట ఉంచి తీసి చూడు" అన్నారు. కాఫీలు తాగి లేచి జాడీ ఎత్తితే పేపరు మీద గుండ్రంగా నూనె మరక, సరిగ్గా జాడీ అడుగు ఎంత ఉందో అంత. అడుగు అంచున తెల్లగా ఉప్పు పూసి ఉంది. వేలితో రాసి నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పు, వెనకాలే ఆవపిండి ఘాటు.

ఆ జాడీ నేను చేసిందే. ఆ ఏప్రిల్లో ఆవిడ తనకీ, ముగ్గురు కూతుళ్లకీ, ఇంకా వియ్యాలవారికీ కలిపి 24 జాడీలు చేయించుకున్నారు. ఒక్కోటి మూడు కేజీల పచ్చడి పట్టేది, బయట గోధుమ రంగు, లోపల తెలుపు. గ్లేజు (మన్ను మీద కరిగించి పట్టించే గాజు పూత) వేసిన సామానుకి నేను తీసుకున్న మొదటి పెద్ద ఆర్డరు అదే. ఆ ఆగస్టు నాటికి అందరి ఇళ్లకీ ఫోన్లు చేసి అడిగితే 17 జాడీలు చెమరుస్తున్నాయని తేలింది. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. అన్నా బాగుండేది. మూడు కేజీల ఆవకాయంటే ఏడాది పచ్చడి, దానికి పోసిన పప్పునూనె, కొత్తపల్లి కొబ్బరి మామిడికాయల కోసం తిరిగిన తిరుగుడు, అదంతా నా జాడీని నమ్మి పెట్టారు.

ఈ కేసు మొత్తం రాస్తున్నాను, ఎందుకంటే ఊరి మన్ను మీద గ్లేజు వేద్దామని మొదలుపెట్టే ప్రతి ఒక్కరూ దాదాపు ఇదే తప్పు చేస్తున్నారు. నాకు ఫోన్లు చేసి అడిగేవాళ్లలో సగం మంది "ఏ గ్లేజు వాడాలండీ, కారకుండా ఉండటానికి" అనే అడుగుతారు. నేనూ అలాగే అనుకున్నాను. కారకుండా ఆపాల్సింది గ్లేజు కాదు, మన్ను. ఇది తెలుసుకుని సరిచేసుకోవడానికి నాకు దాదాపు రెండేళ్లు పట్టింది.

మాది కొత్తపేట వైపు. నాన్న సారె మీద కుండలు, మూకుళ్లు, ప్రమిదలు చేస్తారు, ఆత్రేయపురం పూతరేకుల వాళ్లకి కుండలు కూడా. బోర్లించిన ఆ కుండ మీద పిండి తడిపిన గుడ్డ పరిచి తీస్తేనే రేకు వస్తుంది కాబట్టి దాని గుండ్రం తేడా రాకూడదు. పైన గరుకు ఉండకూడదు, అలాగని గ్లేజు అసలే పనికిరాదు. నేను మాత్రం పుదుచ్చేరి వెళ్లి ఒక స్టూడియోలో రెండేళ్లు స్టోన్‌వేర్ (ఎక్కువ వేడికి రాయిలా బిగుసుకునేలా కాల్చే సామాను) నేర్చుకున్నాను. 1971లో గోల్డెన్ బ్రిడ్జ్ పోటరీ మొదలయ్యాక ఆ ఊళ్లో, చుట్టుపక్కలా ఈ పని చేసే స్టూడియోలు చాలా వచ్చాయి, అలాంటి వాటిల్లో ఒకటి. తిరిగొచ్చి అప్పు చేసి కరెంటు కిల్న్ (సామాను కాల్చే కొలిమి) కొన్నాను. అక్కడ వాడిన మన్ను సంచుల్లో వచ్చేది. ఇక్కడ ఇంటి వెనకే చెరువు ఉంటే సంచిలో మన్ను కొనడం నాకు నామోషీగా అనిపించింది. మన డెల్టా మన్నుతో, మన ఆవకాయకి, మన జాడీ. ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే దాన్ని పరీక్ష చేయాలన్న ఆలోచనే రాలేదు.

మన్ను సంగతి కొంచెం చెప్పాలి. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచీ గోదావరి నీళ్లతో పాటు ఒండ్రు కూడా కాలువల్లోకి, చెరువుల్లోకి వచ్చి పేరుకుంటూనే ఉంది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు మేం మన్ను తీసుకుంటాం. నల్లగా, వెన్నలా, వేళ్లకి అంటుకుపోయే మన్ను. గోదావరి పైన మహారాష్ట్రలో నల్లరాతి నేలల మీదుగా వస్తుంది కాబట్టి ఆ రాయి అరిగి పుట్టిన బంకమన్ను ఇందులో బాగా ఉంటుంది, నీళ్లు తాగితే ఉబ్బి ఎండితే కుంచించుకుపోయే రకం. 10 సెంటీమీటర్ల గీత గీసి పలక ఎండబెడితే, కిల్న్ దాకా వెళ్లకుండానే 9.1కి వచ్చేస్తుంది. ఇనుము ఎక్కువ, అందుకే కాలితే ఎర్రన. సముద్రం వైపు వెళ్లేకొద్దీ ఉప్పు, నత్తగుల్లల ముక్కలు. నాన్న దీన్ని ఇసకతో కలిపి, గడ్డి, ఊక, పిడకలు పేర్చి ఆవంలో కాలుస్తారు. ఆ వేడికి, కుండకి, చెంబుకి ఈ మన్నుని మించింది లేదు.

నేను ఏం చేశానంటే ఆ మన్నునే నానబెట్టి మామూలు జల్లెడలో వడకట్టి జాడీలు తిప్పాను. 950 డిగ్రీల దగ్గర బిస్క్ (గ్లేజు వేయకముందు చేసే మొదటి కాల్పు) కాల్చి, ఒక డీలరు దగ్గర కొన్న రెడీమేడ్ తెల్ల గ్లేజు లోపల పోసి, దాంట్లోనే ఇనుము కలిపి బయట పూసి, 1050 దగ్గర రెండో కాల్పు. కిల్న్ తెరిచినప్పుడు చాలా అందంగా ఉన్నాయి, అది మాత్రం ఒప్పుకోవాలి. వేలితో కొడితే మోగాయి. మా ఆవిడ ఒకదాంట్లో నీళ్లు పోసి రాత్రంతా ఉంచింది, చుక్క రాలేదు. సరే అనుకున్నాం. ఒక్క రాత్రి, మామూలు నీళ్లు, కిల్న్ నుంచి అప్పుడే తీసిన జాడీ. మేం చేసిన పరీక్ష అంతే.

ఇప్పుడు ఆలోచిస్తే హెచ్చరిక అప్పుడే వచ్చింది. డెలివరీకి ముందు వారం, గదిలో వరసగా పెట్టిన జాడీల్లోంచి రాత్రిపూట అప్పుడప్పుడు "టిక్" అని వినపడేది, గోడ గడియారం ముల్లు కదిలినట్టు. బల్లి అనుకుని పడుకున్నాను. అది గ్లేజు చిట్లుతున్న చప్పుడు.

అత్తయ్యగారు తెచ్చిన జాడీలో పచ్చడి ముందు గాజు సీసాల్లోకి మార్చాం. తినొద్దని చెప్పాను, అన్ని ఇళ్లకీ అదే మాట చెప్పాను, ఎందుకంటే ఆ క్షణంలో నాకు అసలు టెన్షన్ కారడం గురించి కాదు, సీసం (లెడ్) గురించి. తక్కువ వేడికి కరిగే గ్లేజుల్లో పాతకాలం నుంచీ సీసం వాడకం ఉంది. పులుపు తగిలితే సీసం ఊరి బయటికి వస్తుంది, ఆవకాయలో పులుపూ ఉప్పూ రెండూ నెలల తరబడి గ్లేజుని అంటిపెట్టుకుని ఉంటాయి. సంచి మీద సీసం లేదనే రాసి ఉంది, కానీ సంచి మీద రాసినదాన్ని నమ్మి పచ్చడి పెట్టించడం నా తప్పు. అదే బ్యాచ్‌లో అమ్మకుండా మిగిలిన రెండు గిన్నెలు ల్యాబ్‌కి పంపించాను. 4 శాతం అసెటిక్ యాసిడ్ పోసి 24 గంటలు ఉంచి, ఆ ద్రవంలో సీసం, కాడ్మియం ఎంత దిగాయో కొలుస్తారు. రిపోర్టు వచ్చేదాకా నాకు నిద్ర లేదు. వచ్చింది, సీసం గానీ కాడ్మియం గానీ దిగలేదు. దేవుడి దయ అనే అనుకున్నాను. ఇప్పుడు మాత్రం కొత్త గ్లేజు ఏదైనా ఆ టెస్టు అయ్యాకే ఇంట్లో వాళ్లకి కూడా ఇస్తాను.

తర్వాత జాడీ కడిగి ఆరబెట్టి లోపల సిరా పోశాను. పది నిమిషాలుంచి ఒంపేసి తుడిస్తే, తెల్లటి గ్లేజు మీద సన్నటి నీలం గీతలు, సాలెగూడు వేసినట్టు, అడుగు నుంచి మెడ దాకా. మామూలుగా చూస్తే ఒక్కటీ కనపడదు. ఆ తర్వాత దాన్ని పగలగొట్టాను. పెంకు అంచు చూస్తే అర్థమైపోయింది. ఎర్రటి మన్నులో లోపలి వైపు నుంచి నాలుగు మిల్లీమీటర్ల దాకా ముదురు రంగు పట్టీ, నూనె పీల్చిన పట్టీ, అడుగు దగ్గర అది అటు నుంచి ఇటు పూర్తిగా పాకిపోయింది. బయటి వైపు అడుగు దగ్గర గ్లేజు చిన్న చిన్న పొలుసుల్లా లేచి ఉంది. గోరుతో గీకితే రాలింది, కింద ఉప్పు పలుకులు. ఊట మన్నులోకి దిగి, నీరు ఆరి, ఉప్పు అక్కడే గడ్డకట్టి లోపలి నుంచి గ్లేజుని నెట్టేస్తోందన్నమాట. పాత గోడలకి ఉప్పు పట్టి సున్నం పెచ్చులూడినట్టే.

ఒక శుభ్రమైన పెంకు తూకం వేశాను, 212 గ్రాములు. ఐదు గంటలు నీళ్లలో మరగబెట్టి, మర్నాటి దాకా ఆ నీళ్లలోనే ఉంచి, తుడిచి తూస్తే 230. అంటే నూటికి ఎనిమిదిన్నర వంతు నీళ్లు తాగుతోంది. జాడీ గోడ స్పాంజి, దాని మీద పగిలిన గాజు తొడుగు. ఇంకేం ఆగుతుంది?

గ్లేజు ఎందుకు చిట్లిందో చెప్తాను, ఇక్కడే అందరూ తడబడేది. గ్లేజంటే మన్ను మీద కరిగి అతుక్కున్న గాజు. కిల్న్ చల్లారేటప్పుడు మన్నూ కుంచించుకుంటుంది, గాజూ కుంచించుకుంటుంది. గాజు ఎక్కువ కుంచించుకుంటే, చాలని చొక్కా బిగించి తొడిగినట్టు లాగుడు పడి చిట్లిపోతుంది. గాజు లాగుడుకి నిలవదు, నొక్కుడుకి నిలుస్తుంది. అందుకే మన్ను గ్లేజు కంటే కొంచెం ఎక్కువ కుంచించుకుని దాన్ని నొక్కి పట్టుకోవాలి. నా డీలరు గ్లేజులో సోడియం ఎక్కువ. సోడియం, పొటాషియం వేడికి బాగా వ్యాకోచించి చల్లారితే బాగా కుంచించుకునే రకాలు. సిలికా (ఇసకలో ఉండేది), బోరాన్ దానికి ఎదురు. ఇది ఒక సగం. రెండో సగం మన వాతావరణం. తక్కువ వేడికి కాలి రంధ్రాలు మిగిలిన మన్ను గాలిలో తేమని మెల్లగా పీల్చుకుని, కంటికి తెలియనంత ఉబ్బుతుంది. వారాలు, నెలలు పడుతుంది. మన్ను ఉబ్బితే పైనున్న గ్లేజు మీద లాగుడు ఇంకా పెరుగుతుంది. కిల్న్ లోంచి నిక్షేపంగా వచ్చిన జాడీ గదిలో కూచుని చిట్లడానికి కారణం అదే. ఆ జులై సంగతి మీకు తెలుసు, ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. నెలంతా ముసురు, గోడలే చెమ్మగిల్లాయి, జాడీలు ఎంత పీల్చుకున్నాయో.

ఆ రాత్రి ఈ పెంకులన్నీ అరుగు మీద పరుచుకుని కూచుంటే నాన్న వచ్చి ఒకటి తీసి నాలికకి తగిలించుకుని చూశారు. ఆరిన మన్ను నాలికని పట్టుకుంటే అది నీళ్లు తాగే మన్నని గుర్తు, ఆయన పరీక్ష అది. "కుండ చెమర్చాల్రా, జాడీ చెమర్చకూడదు. నువ్వు కుండ మన్నుతో జాడీ చేశావు" అన్నారు. కుండలో నీళ్లు చల్లబడేదే ఆ చెమట వల్ల. ఆయన నలభై ఏళ్లుగా కావాలని చెమర్చే మన్ను కలుపుతున్నారు. నేను అదే మన్ను తీసుకుని చెమర్చొద్దని పైన గాజు పూశాను.

డబ్బు మొత్తం తిరిగిచ్చేశాను, 24 జాడీలకీ. అత్తయ్యగారు కారని ఏడింటికి వద్దన్నారు గానీ అవి కూడా చిట్లినవే, సిరా పోస్తే తెలిసిపోయింది, ఇవాళ కాకపోతే వచ్చే ఏడు కారతాయి.

అడుగుకి వార్నిష్ కొట్టమని, ఎపాక్సీ పూయమని, మైనం కరిగించి పట్టించమని సలహాలు చాలా వచ్చాయి. ఇంకో కోటింగ్ గ్లేజు వేసి మళ్లీ కాల్చమని కూడా. మళ్లీ కాల్చడం ఒకదానికి చేసి చూశాను, నెల తిరక్కుండా మళ్లీ చిట్లింది, అదే మన్ను, అదే గ్లేజు, ఎందుకు చిట్లదు? మిగతావి చేయలేదు. బయట అడుగుకి పూస్తే పేపరు మీద మరక ఆగుతుంది, అంతే. లోపల మన్ను పచ్చడి తాగుతూనే ఉంటుంది, ఆ పాత నూనె కమిలి వచ్చే ఏడాది కొత్త పచ్చడికి వాసన పట్టిస్తుంది. నలుగురు తినే సామాను మీద అలాంటి పని చేయకండి, దయచేసి.

కాబట్టి మన్ను మార్చాలి. మొదట నేను అనుకున్నది, ఇదే మన్నుని ఇంకా ఎక్కువ వేడికి కాలిస్తే బిగుసుకుంటుంది కదా అని. 1150 దాకా తీసుకెళ్లాను. కిల్న్ తెరిస్తే పలకలు వడల్లా ఉబ్బి ఉన్నాయి, ఒకటి షెల్ఫ్‌కి అతుక్కుపోయి కారింది. విరిస్తే లోపలంతా బుడగలు. డెల్టా మన్నులో ఇనుము, కుళ్లిన ఆకూ అలమూ ఎక్కువ కాబట్టి లోపల పుట్టిన గాలి బయటికి పోయేలోపే పైపొర కరిగి మూసుకుపోతుంది. బిగుసుకునే చోటుకీ కరిగిపోయే చోటుకీ మధ్య దీనికి జాగా చాలా తక్కువ.

ఇక కలపడమే. మనకి అదృష్టం ఏమిటంటే డెల్టా దాటి మెట్టకి ఎక్కగానే ద్వారకా తిరుమల చుట్టుపక్కల బాల్ క్లే దొరుకుతుంది, తెల్లగా కాలే జిగురు మన్ను. ఫెల్‌స్పార్ (వేడికి కరిగి మన్నుని బిగించే రాయి), క్వార్ట్జ్ (పలుగురాయి) గూడూరు వైపు నుంచి తెప్పించాను. చైనా క్లే (తెల్లటి శుద్ధమైన మన్ను) సంచి కొన్నాను. 2022 చలికాలమంతా కలపడం, పలకలు కాల్చడం, తూయడం. ఊరి మన్ను నూటికి 70 పాళ్లు వేసినది 1220 దగ్గర కారిపోయింది. 40 వేసినది నిలబడింది గానీ జాడీ గోడ ఒక పక్కకి ఒరిగింది. 25కి దిగితే నిలిచింది. చివరికి నిలిచిన కలయిక: ఊరి మన్ను 25, బాల్ క్లే 35, చైనా క్లే 10, ఫెల్‌స్పార్ 18, క్వార్ట్జ్ 12. కాల్పు కోన్ 6 దాకా (కుమ్మరులు వేడిని చెప్పే కొలత), అంటే దాదాపు 1220 డిగ్రీలు, ఆ వేడి దగ్గర పావుగంట ఆపడం. 240 గ్రాముల పెంకు మరగబెట్టి నానబెట్టి తూస్తే 243. ఒకటింపావు శాతం. ఆ తూకం చూసి మా ఆవిడ మళ్లీ తూయమంది. మళ్లీ 243.

పాతిక శాతమే ఊరి మన్ను అన్నది నాకు చాలాకాలం మింగుడుపడలేదు, ఇప్పటికీ బాధే. నాన్న మాత్రం తేలిగ్గానే తీసుకున్నారు, కుండకైనా ఇసక కలపకుండా ఎప్పుడు చేశాం అన్నారు.

మన్ను తయారీలో రెండు మార్పులు. ఊరి మన్నుని పలచటి జావలా చేసి 80 మెష్ జల్లెడలో (అంగుళానికి 80 కళ్లున్న సన్న జల్లెడ) పోస్తున్నాను. మొదటి 24లో రెండు జాడీలకి, తీసిన వారానికి, గోడ మీద బొబ్బలాంటి గుంట పడి పెచ్చు ఎగిరింది, గుంట మధ్యలో తెల్లటి చుక్క. నత్తగుల్ల ముక్క. కాలినప్పుడు సున్నం అవుతుంది, తర్వాత తేమ తాగి ఉబ్బి పెచ్చుని తోసేస్తుంది. గోదావరి డెల్టాలో, అందులోనూ సముద్రానికి దగ్గర మన్ను వాడేవాళ్లు ఈ జల్లెడ దగ్గర బద్ధకిస్తే కుదరదు. రెండోది, బిస్క్ కాల్పులో 700 నుంచి 900 మధ్య చాలా మెల్లగా తీసుకెళ్తున్నాను, లోపలున్న ఆకూ అలమూ అక్కడే కాలిపోవాలి. ముందు హడావిడిగా లాగేసేవాడిని, విరిస్తే మధ్యలో నల్లటి చార ఉండేది.

గ్లేజుకి వద్దాం. స్టూడియోల్లో ఈ పని చేసే చాలామందికి తెలిసిన ఒక లెక్క ఉంది, ఐదు సరుకులు ఇరవై ఇరవై పాళ్లు: ఫెల్‌స్పార్, బోరాన్ ఉన్న ఫ్రిట్ (ముందే కరిగించి పొడి చేసిన గాజు), రాజస్థాన్ నుంచి వచ్చే వొలాస్టనైట్ అనే రాతిపొడి, చైనా క్లే, సిలికా. కోన్ 6కి శుభ్రంగా కరిగి మెరుస్తుంది. నా కొత్త మన్ను మీద వేస్తే చిట్లింది గానీ చాలా తక్కువ, అక్కడక్కడా పెద్ద పెద్ద గళ్లు. అంటే దగ్గరికొచ్చాం, ఇంకొంచెం సిలికా కావాలి.

ఇక్కడ నాకు మండపేట మిల్లులు గుర్తొచ్చాయి. వరి ఊక కాలిస్తే మిగిలే బూడిదలో అత్యధిక భాగం సిలికానే. వరిమొక్క నేలలోంచి పీల్చుకుని ఊకలో దాచుకుంటుంది. జపాన్ కుమ్మరులు వరి బూడిదతో పాలలాంటి తెల్ల గ్లేజు ఎప్పట్నుంచో చేస్తున్నారు. మనకి రోడ్డు పక్కన గుట్టలు పోసి ఉంటుంది. ఒక మిల్లు బాయిలరు దగ్గర నాలుగు సంచులు అడిగి తెచ్చాను, డబ్బులు కూడా తీసుకోలేదు. బాయిలరు బూడిద నల్లగా ఉంటుంది, సగం కాలిన బొగ్గు. అది అలాగే కలిపితే గ్లేజు బుడగలెత్తింది. దాన్ని మూకుళ్లలో పోసి బిస్క్ కాల్పుతో పాటు మళ్లీ కాలిస్తే తెల్లగా, ఈకలా తేలిగ్గా వస్తుంది. చేతిలోకి తీసుకుంటే బరువే తెలియదు, ఊక పొట్టు ఆకారం అలాగే ఉంటుంది, వేళ్ల మధ్య నలిపితే సన్నటి గాజు ముక్కల్లా గరగరమంటుంది. ఈ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు, ఏ సిలికా దుమ్మైనా అంతే, మాస్కు లేకుండా ముట్టుకోవద్దు, తడిపి జల్లించుకోండి. ఇంకో సంగతి, తేలిగ్గా ఉంటుంది కాబట్టి నీళ్లు విపరీతంగా లాగుతుంది. కంటి అంచనాతో నీళ్లు పోస్తే ఒక్కో బకెట్ ఒక్కోలా తయారవుతుంది. నేను 100 మిల్లీలీటర్ల గ్లేజు తూస్తే 145 గ్రాములు ఉండేలా చూసుకుంటున్నాను.

సిలికా 20 పాళ్లలో సగం తీసేసి ఊక బూడిద వేశాను, దాని మీద ఇంకో 6 పాళ్లు బూడిద అదనంగా. చిట్లడం ఆగింది. లోపల తెలుపు వట్టి తెలుపు కాదు, గంజి రంగు, మందంగా పడిన చోట కాస్త నీలం తిరిగిన పాల రంగు. ఆ రంగు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

అంత సంతోషంలో మళ్లీ ఒక తప్పు చేశాను. 6 బాగుంటే 14 ఇంకా గట్టిగా ఉంటుందని వేశాను. చిట్లలేదు. కానీ మూతి అంచు మీద వేలు పోనిచ్చేసరికి సన్నగా గీరుకుంది. చూస్తే గ్లేజు అంచు దగ్గర రేకులా లేచి ఊడుతోంది. ఇది చిట్లడానికి ఎదురు జబ్బు, మన్ను గ్లేజుని మరీ గట్టిగా నొక్కేస్తే అంచుల దగ్గర అది ఎగిరిపోతుంది. చిట్లిన జాడీ పచ్చడిని పాడుచేస్తుంది. ఇది గాజు పెచ్చుని పచ్చడిలో, ఆ తర్వాత అన్నంలో పడేస్తుంది. ఆ బ్యాచ్ ఎనిమిదీ అక్కడికక్కడే పగలగొట్టాను. అప్పట్నుంచి ప్రతి జాడీ మూతిని చెక్క గరిటెతో చుట్టూ కొట్టి, బొటనవేలితో నిమిరి చూశాకే బయటికి పంపుతాను. 6 పాళ్ల దగ్గరే ఆగిపోయాను. బయటి గోధుమ రంగుకి ఇదే గ్లేజులో మా చెరువు మన్నే ఎండబెట్టి పొడి చేసి కలిపాను, దాంట్లో ఇనుము ఎలాగూ ఉంది. పాతిక శాతం బాధ ఇక్కడ కొంచెం తీరింది.

పరీక్షలు ఈసారి తొందరపడలేదు. జాడీని ఫ్రీజర్లో రాత్రంతా ఉంచి తీసి మరిగే నీళ్లు పోయడం, ఇలా మూడుసార్లు, తర్వాత సిరా. నిమ్మచెక్క గ్లేజు మీద బోర్లించి రాత్రంతా ఉంచి, పొద్దున్న కడిగి మెరుపు తగ్గిందా అని వెలుతురుకి పెట్టి చూడటం. ల్యాబ్ టెస్టు. ఇవన్నీ అయ్యాక అసలుది: అత్తయ్యగారిని అడిగితే మాగాయ ఊట రెండు సీసాలు పంపించారు, ఎండబెట్టకముందు ముక్కల్లోంచి దిగిన ఊట, ఉప్పూ పులుపూ ముదిరినది. దాన్ని మూడు జాడీల్లో పోసి, నాలుగో జాడీలో పప్పునూనె పోసి, వాసెన కట్టి, 2023 జులై మొదట్లో కొత్త పేపరు మీద పెట్టాను. వానాకాలమే కావాలని ఎంచుకున్నాను. తొంభై రోజులు. వారానికోసారి ఎత్తి అడుగు తుడిచి చూడటం, తూయడం. మూడో వారంలో ఒకదాని కింద చిన్న తడి కనపడి గుండె ఆగినంత పనైంది. తీరా చూస్తే వాసెన గుడ్డ లోపలి ఊటకి తగిలి, అదే పీల్చి బయటి గోడ మీదుగా దించింది. జాడీ నింపేటప్పుడు మూతికి రెండు వేళ్లు వెలితి ఉంచమని పెద్దవాళ్లు ఎందుకంటారో అప్పుడు తెలిసింది. మిగతా మూడూ పొడి. అక్టోబరులో ఖాళీ చేసి ఒకటి పగలగొట్టాను, పెంకు అంచు బూడిద రంగులో లోపలి నుంచి బయటికి ఒకేలా ఉంది, పట్టీ లేదు.

ఒక పాఠం ఆ మధ్యలోనే దొరికింది, చిన్నదే గానీ రాస్తాను. లోపల గ్లేజు మందంగా, బయట అసలు లేకుండా చేసిన ఒక జాడీ, షెల్ఫ్ మీద ఉండగానే అడుగు నుంచి పైకి నిలువునా పగిలింది. లోపలి గ్లేజు ఒత్తిడికి సాటిగా బయట ఏమీ లేక. జాడీలకి రెండు వైపులా సమానంగా వేయండి, అడుగు ఉంగరం మాత్రం తుడిచేయండి.

పాత 24లో మిగిలినవి ఏమయ్యాయని అడుగుతారు. చిట్లిన గ్లేజు తిండి సామానుకి దోషం, చూడ్డానికి అందమే. కొందరు కావాలని చిట్లించి సిరా పట్టించి అలంకారానికి అమ్ముతారు, తప్పేం కాదు, లోపల తినేది పెట్టనంత వరకు. నేను అడుగున కన్నం వేసి, ఇందులో ఏదీ నిల్వ పెట్టలేకుండా చేసి, కడియం నర్సరీల వైపు మొక్కల కుండీలుగా ఇచ్చేశాను. కన్నం వేయకుండా మూత తీసేసి ఇస్తే ఎవరో ఒకరు ఉప్పో చింతపండో పోసుకుంటారు, జాడీ ఆకారం చూస్తే చేయి ఊరుకోదు. మా ఇంట్లో ఒకటి మాత్రం ఉంచాను, సిరా గీతలతో, కిల్న్ గది కిటికీలో.

ఈ జాడీ ఆకారం మనకి ఎటునుంచి వచ్చిందో అని కూడా ఈ రెండేళ్లలో ఆలోచించాను. హిందీవాళ్లు పచ్చడి జాడీని మర్తబాన్ అంటారు, బర్మాలో మర్తబాన్ అనే రేవు పేరు అది, గ్లేజు వేసిన పెద్ద జాడీలు అక్కడి నుంచి ఓడల్లో వెళ్లేవి. మన కోరంగి రేవు నుంచి రంగూన్‌కి ఎంతమంది వెళ్లారో తెలిసిందే, అక్కడ తెలుగువాళ్లకి కోరంగీలనే పేరు పడింది. నీళ్లు చెమర్చే కుండ మన చెరువులోదే. చెమర్చని జాడీకి మాత్రం ఎక్కువ వేడి, వేరే మన్ను కావాలి, మన ఆవంలో అది వచ్చే అవకాశమే లేదు. నేను ఆ రెండిటినీ ఒకటే అనుకున్నాను.

2024 ఏప్రిల్లో ఆరు జాడీలు డబ్బు తీసుకోకుండా అత్తయ్యగారికి ఇచ్చాను. ఆవిడ ముందు మూడింట్లోనే పెట్టారు, మిగతా మూడింట్లో నీళ్లు పోసి పెరట్లో ఉంచారట, పచ్చడి పెట్టే ముందు నెల రోజులు. మంచి పని చేశారు. ఆగస్టులో నేనే వెళ్లాను. వంటింటి అలమార కింద అరలో మూడు జాడీలు, ఒక్కోదాని కింద మడత పెట్టిన పేపరు. ఆవిడ ఒకటి ఎత్తి పేపరు తీసి నా చేతిలో పెట్టారు. మే నెల పేపరు, జాడీ బరువుకి మడత పడింది, అంతే.

"కారట్లేదు గానీ అబ్బాయ్, మూత గుబ్బ చిన్నదైపోయింది. నూనె చేత్తో పట్టుకుంటే జారిపోతోంది. మా చిన్నమ్మాయి జాడీల్లో మాత్రం పెద్దది పెట్టు, మాగాయకి ఇంకో నాలుగు చిన్నవి కూడా కావాలి" అన్నారు. గుబ్బ కింద వేలు పట్టేలా చిన్న గాడి పెట్టి నాలుగు మూతలు తిప్పాను, ఇప్పుడు ఆరుతున్నాయి.